అంచు మొత్తం చూసే కత్తి

చర్మం మీది క్యాన్సర్ కణితిని కోసి తీసేయడం అంత పెద్ద విద్యేమీ కాదు. కొలిచి గీత గీసి, చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మంచి చర్మం కలుపుకుని కోస్తే కణితి చేతికొస్తుంది. అసలు విద్యంతా ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది: కోసిన చోట ఇంకేమైనా మిగిలిందా? ఆ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పే పద్ధతిని 1930లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ మోస్ అనే వైద్య విద్యార్థి మొదలుపెట్టాడు. ఇవాళ దాన్ని ఆయన పేరుతోనే మోస్ సర్జరీ అంటున్నారు. దీని అవసరం ఎక్కువగా పడేవాళ్ళలో కిడ్నీనో గుండెనో మార్పిడి చేయించుకుని, రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు రోజూ వేసుకుంటున్నవాళ్ళు ముందు వరసలో ఉంటారు. ఎందుకో తెలియాలంటే ముందు చర్మం తనకు తాను చేసుకునే కాపలా ఎలాంటిదో చూడాలి.

పైచర్మం మందం ఒంటి మీద చాలాచోట్ల మిల్లీమీటరులో పదోవంతే. అంత పలచని పొరలోనూ అంతస్తులున్నాయి. అడుగు వరస కణాలు విభజన చెందుతూ కొత్తవాటిని పైకి నెడతాయి. పైకి పోయేకొద్దీ అవి చదునవుతాయి, కెరటిన్ అనే ప్రొటీన్‌తో నిండుతాయి, కేంద్రకాన్ని పోగొట్టుకుంటాయి, చివరికి పొట్టుగా రాలిపోతాయి. అడుగు వరసలోనే అక్కడక్కడా మెలనోసైట్లు ఉంటాయి. ఒక్కొక్కటీ సన్నని చేతులు చాచి చుట్టుపక్కల కణాలకు మెలనిన్ అనే రంగు రేణువులు అందిస్తుంది. అందుకున్న కణం వాటిని ఎక్కడపడితే అక్కడ పడేయదు. కేంద్రకానికి పైవైపున, అంటే ఎండ దిగే వైపున పేర్చుకుంటుంది. కాపాడాల్సింది కేంద్రకంలోని డీఎన్‌ఏనే కదా.

ఇంత చేసినా కొంత అతినీలలోహిత కాంతి లోపలికి చొరబడుతుంది. డీఎన్‌ఏ పోగులో పక్కపక్కనున్న రెండు అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. అతుకు పడ్డచోట పోగు వంకర తిరుగుతుంది. మరమ్మతు ఎంజైములు ఆ వంకరను పసిగట్టి, అటూ ఇటూ కత్తిరించి, సుమారు ముప్ఫై అక్షరాల ముక్కను ఊడదీసి, ఎదురు పోగును చూసుకుంటూ ఖాళీని పూరిస్తాయి. నష్టం మరమ్మతుకు లొంగనంత ఎక్కువైతే పీ53 అనే ప్రొటీన్ రంగంలోకి దిగి ఆ కణం తనంతట తాను చచ్చేలా చేస్తుంది. చిక్కల్లా ఆ పీ53 జన్యువే దెబ్బతిన్న కణంతో. అది చావదు, పైగా పిల్లల్ని పెడుతుంది. అలాంటి వాటిని పట్టుకోవాల్సిన చివరి బాధ్యత రోగనిరోధక వ్యవస్థది.

1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే విద్యార్థి చర్మపు ముక్కకు గోల్డ్ క్లోరైడ్ పట్టించి మైక్రోస్కోప్ కింద పెడితే, పైచర్మం మధ్యలో కొమ్మలు చాచిన నల్లని కణాలు కనిపించాయి. అవి నాడులకు సంబంధించినవనుకున్నాడాయన. అవి కాపలా కణాలని తేలడానికి వందేళ్ళు పట్టింది. ఈ లాంగర్‌హాన్స్ కణాలు ఇరుగుపొరుగు కణాల సందుల్లోకి కొమ్మలు జొనిపి, తేడాగా కనిపించిన ప్రొటీన్ ముక్కలను ఏరుకుని, లింఫు గ్రంథుల దాకా మోసుకెళ్ళి టీ కణాలనే రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. గుర్తుపట్టిన టీ కణాలు చర్మంలోకి వచ్చి వేట సాగిస్తాయి. కొన్ని అక్కడే కాపురం పెట్టేస్తాయి. రక్తంలో తిరిగే టీ కణాలకు దాదాపు రెట్టింపు చర్మంలో ఉంటాయని ఒక అంచనా. చర్మాన్ని ఒంటికి కప్పిన తోలుగా మాత్రమే చూసే మనకు ఈ లెక్క ఆశ్చర్యమే.

అవయవ మార్పిడికి అడ్డం వచ్చేది సరిగ్గా ఈ టీ కణాలే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే తొలిసారి విజయవంతంగా కిడ్నీ మార్చినప్పుడు ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కాబట్టి పేచీ రాలేదు. పరాయి మనిషి కిడ్నీ నిలవాలంటే మాత్రం టీ కణాలను అణచాలి. మొదట వచ్చిన అజాథయోప్రిన్, తర్వాత నార్వే మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి తీసిన సైక్లోస్పోరిన్, ఆ తర్వాత జపాన్‌లోని సుకుబా దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన టాక్రోలిమస్, తలా ఒక దారిలో చేసేది ఆ పనే. కొత్త కిడ్నీ జోలికి పోవద్దన్న ఉత్తర్వే చెడిన చర్మకణం జోలికీ పోవద్దన్న ఉత్తర్వు అవుతుంది. ఈ రెంటినీ విడదీసి చెప్పగల మాత్ర మందుల షాపులో దొరకదు.

అజాథయోప్రిన్‌ది ఇంకో చిత్రం. అది ఒంట్లో మారి, డీఎన్‌ఏ పోగులోనే ఒక అక్షరానికి బదులుగా దూరుతుంది. మామూలు డీఎన్‌ఏ అతినీలలోహిత-ఎ కిరణాలను పెద్దగా పీల్చదు. ఈ మారు అక్షరం మాత్రం పీల్చి, చుట్టూ ఉన్నవాటిని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. అంటే కాపలాను తగ్గించడమే కాకుండా, చర్మం నిభాయించుకోగల ఎండను కూడా హానిగా మారుస్తుంది. ఈ సంగతి 2005లో బయటపడింది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. నార్వేలో కిడ్నీ, గుండె మార్పిడి జరిగినవాళ్ళ మీద 1999లో వెలువడిన అధ్యయనంలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతా జనంతో పోలిస్తే సుమారు 65 రెట్లని తేలింది. తెల్లజాతి జనంలో మామూలుగా బేసల్ సెల్ కార్సినోమా అనే మరో చర్మ క్యాన్సర్ ఎక్కువ, స్క్వామస్ తక్కువ. మార్పిడి జరిగినవాళ్ళలో ఆ వరస తిరగబడుతుంది. లింఫు గ్రంథులకు పాకగల సత్తా ఎక్కువున్నది స్క్వామస్ రకానికే. ఒకే మనిషికి ఏళ్ళ మీద పదుల సంఖ్యలో రావచ్చు కూడా. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్ళకు మార్పిడి లేకపోయినా ఇదే తరహా బెడద.

మరి అణిగిన టీ కణాలను తిరిగి లేపే మందులున్నాయి కదా అనిపించవచ్చు. ముదిరిన స్క్వామస్ క్యాన్సర్‌కు సెమిప్లిమాబ్ వంటి మందులు నిజంగానే గొప్పగా పనిచేస్తున్నాయి. కానీ లేచిన టీ కణాలు క్యాన్సర్ మీద పడ్డట్టే కొత్త కిడ్నీ మీదా పడతాయి. కిడ్నీ పోతే మనిషి మళ్ళీ డయాలిసిస్‌కు వెళ్తాడు. గుండె అయితే ఆ వెసులుబాటూ లేదు. అందుకే ఇలాంటివాళ్ళకు మొదటి కోతలోనే ఏమీ మిగలకుండా తీయడం విలువైన పని. మిగిలిన కణాన్ని ఏరేసే కాపలా లోపల బలహీనంగా ఉంది కాబట్టి, కత్తి పట్టినవాళ్ళ చూపు ఆ లోటు పూడ్చాలి.

ఇప్పుడు మోస్ కిటుకు చూద్దాం. కోసి తీసిన ముక్కను ఒక ఇడ్లీ అనుకోండి. చదునుగా ఉన్న వైపు చర్మం, గుండ్రంగా వంగిన అడుగుభాగం కత్తి నడిచిన తలం. క్యాన్సర్ వేరు ఎటువైపైనా బయటికి సాగి ఉంటే, ఆ అడుగుభాగాన్ని ఎక్కడో ఒకచోట దాటుకునే పోవాలి. మామూలు ల్యాబ్‌లో ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో బిగించి, ఇడ్లీని నిలువుగా కోసినట్టు కొన్నిచోట్ల పలచని రేకులు తీసి చూస్తారు. రేకుకూ రేకుకూ మధ్య మిల్లీమీటర్ల ఖాళీ. అలా కంటబడిన అంచు మొత్తం అంచులో ఒక శాతం కూడా ఉండదు. కణితి గుండ్రంగా, బుద్ధిగా పెరిగి ఉంటే ఆ కాస్తా చాలు. సన్నని వేళ్ళు చాచుకుంటూ పోయినదైతే ఆ వేలు రెండు రేకుల మధ్య ఖాళీలోంచి జారిపోవచ్చు, రిపోర్టులో మాత్రం అంచులు శుభ్రం అని వస్తుంది. మోస్ వేసిన ప్రశ్న ఇదీ: ఇడ్లీని నిలువుగా కోయడమెందుకు? ఆ గుండ్రని అడుగుపొరనంతా ఒకే రేకుగా ఒలిచి, పరిచి, చూస్తే పోలేదా?

ఆ ఆలోచన ఒక అనుకోని పరిశీలనలోంచి పుట్టింది. మోస్ విద్యార్థిగా జంతుశాస్త్ర ఆచార్యుడు మైకేల్ గయర్ దగ్గర పనిచేస్తూ ఎలుకల కణితుల్లోకి రకరకాల రసాయనాలు ఎక్కించి చూసేవాడు. జింక్ క్లోరైడ్ ఎక్కించిన చోట కణజాలం చచ్చింది కానీ, మైక్రోస్కోప్ కింద దాని నిర్మాణం చెక్కుచెదరలేదు. ల్యాబ్‌లో సీసాలో జరగాల్సిన పని ఒంటి మీదే జరిగిపోయిందన్నమాట. దాన్ని మనిషి చర్మం మీద నిలిచేలా చేయడానికి స్టిబ్నైట్ అనే ఆంటిమొనీ ఖనిజపు పొడి, బ్లడ్‌రూట్ అనే ఉత్తర అమెరికా మొక్క వేరుపొడి కలిపి పేస్టు తయారుచేశాడు. కెరటిన్ పొరను జింక్ క్లోరైడ్ దాటలేదు కాబట్టి ముందు డైక్లోరోఅసెటిక్ ఆమ్లం పూసి దారి చేసేవాడు. పేస్టు పట్టించి, స్థిరపడేదాకా ఆగి, ఆ పొరను కోసి మైక్రోస్కోప్ కింద చూసి, క్యాన్సర్ మిగిలిన చోట మళ్ళీ పేస్టు. ఒక్కో పొరకు ఒక రోజు దాకా పట్టేది. నొప్పి సంగతి చెప్పక్కర్లేదు. 1936లో రోగుల మీద మొదలుపెట్టి, 1941లో వైద్య పత్రికలో ప్రచురించాడు.

1953లో ఒక కనురెప్ప ఆపరేషన్‌ను సినిమా తీస్తున్నప్పుడు, ఆలస్యం కాకుండా పేస్టు మానేసి తాజా ముక్కనే గడ్డకట్టించి చూశాడు. అది అంతే బాగా కుదిరింది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ట్రోమోవిచ్, స్టెగ్మన్ తాజా ముక్కల పద్ధతి ఫలితాలు ప్రకటించాక పేస్టు మూలన పడింది. అవే దినుసులతో చేసిన నల్ల లేపనాలను క్యాన్సర్ మందంటూ ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మోస్ చేతిలో రోగాన్ని నయం చేసింది పేస్టు కాదు, దాని తర్వాత వచ్చే మైక్రోస్కోప్. అది లేని లేపనం పైన మచ్చ కట్టించి కింద క్యాన్సర్‌ను దాచిపెడుతుంది.

ఇప్పటి పని ఎలా సాగుతుందో ఒక చెవి మీద చూద్దాం. ఆస్ట్రేలియాలో పొలం పని చేసుకుని, చాలా ఏళ్ళ కిందట కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒక పెద్దాయనను ఊహించుకోండి. కుడిచెవి పై అంచున పొలుసు కట్టిన గట్టి బుడిపె. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది. చెవి, పెదవి ఈ క్యాన్సర్ దూరం పాకడానికి అనువైన చోట్లు. అందుకే కత్తి పట్టకముందే సర్జన్ చెవి ముందు, దవడ కింద, మెడ పొడుగునా వేళ్ళతో తడిమి లింఫు గ్రంథులు గట్టిపడ్డాయేమో చూస్తారు.

తర్వాత కంటికి కనిపించే అంచు వెంట పెన్నుతో గీత గీస్తారు. మత్తు ఇంజెక్షన్ ఆ తర్వాతే. ముందే మత్తిస్తే చర్మం ఉబ్బి, పాలిపోయి అసలు అంచు చెదిరిపోతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు. ముందుగా క్యూరెట్ అనే గుండ్రని అంచున్న పరికరంతో కణితి మెత్తని భాగాన్ని గీరి తీస్తారు. మంచి లోచర్మం గట్టిగా ఉండి గీరుడుకు లొంగదు, కణితి లొంగుతుంది. చేతికి తెలిసే ఆ తేడాతోనే కణితి ఎటు సాగిందో సగం అర్థమవుతుంది. ఇక స్కాల్పెల్. నిలువుగా దించితే ముక్క గోడలు నిటారుగా వస్తాయి, వాటిని తర్వాత చదును చేయడం కష్టం. అందుకని కత్తిని 45 డిగ్రీలు వాల్చి, లోపలికి ఏటవాలుగా కోస్తారు. చుట్టూ వదిలే మంచి చర్మం ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు మాత్రమే.

ముక్క పూర్తిగా విడిపోకముందే ఒక చిన్న పని ఉంది. గడియారం ముఖం మీద 12, 3, 6, 9 ఉండే చోట్ల ముక్క మీదా, ఒంటి మీద మిగిలే చర్మం మీదా కలిసొచ్చేలా సన్నని గాట్లు పెడతారు. ముక్క ల్యాబ్‌కు వెళ్ళాక ఏ భాగం చెవిలో ఏ చోటిదో చెప్పేవి ఈ గాట్లే. అవి తప్పితే ఆ తర్వాతి శ్రమంతా వృథా. రక్తం కారే చోట్లను కరెంటు వేడితో మూసి, కట్టు కట్టి పెద్దాయనను బయటి గదిలో కూర్చోబెడతారు. ఆయన టీ తాగొచ్చు, పేపరు చదువుకోవచ్చు.

లోపల ముక్కను రెండుగా కోసి, ఒక్కోదాని అంచులకు ఒక్కో రంగు సిరా పూస్తారు: ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం, మధ్య కోతకు నలుపు. పాత రోజుల్లో ఎరుపుకు మెర్క్యురోక్రోమ్, నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు వాడేవారట. అదే సమయంలో కాగితం మీద చెవి బొమ్మ గీసి, అందులో ముక్క ఆకారం, గాట్లు, ముక్కల నంబర్లు, రంగులు అన్నీ గుర్తులుగా వేస్తారు. సినిమాల్లో ఆపరేషన్ అంటే కత్తెరలూ లైట్లూ చూపిస్తారు. నన్నడిగితే ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా గొప్ప పరికరం ఈ కాగితం. కంటికి కనిపించని కణం చిరునామా రాసి ఉండేది దీని మీదే.

ఇక టెక్నీషియన్ చేతివాటం. ముక్కను తిరగేసి, అడుగుభాగం పైకొచ్చేలా పెడతారు. గుండ్రని అంచులు కిందికి వాలనంటే చిన్న చిన్న గాట్లు పెట్టి సడలిస్తారు. చుట్టూ ఉన్న పైచర్మపు అంచూ, మధ్యలోని లోతైన అడుగూ ఒకే మట్టానికి రావాలి. అదే ఈ విద్యకు ఆయువుపట్టు. ఏటవాలు కోత పెట్టింది ఈ క్షణం కోసమే. మట్టం కుదిరాక ఓసీటీ అనే చిక్కని జిగురులో ముంచి, సున్నాకు దిగువ 20 నుంచి 25 డిగ్రీల చలిలో ఉండే క్రయోస్టాట్ అనే పెట్టెలో గడ్డకట్టిస్తారు. పైనుంచి చల్లని లోహపు దిమ్మ నొక్కి ఉంచుతారు. గడ్డకట్టిన దిమ్మను పెట్టెలోని మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పితే, బ్లేడు ఒక్కో తిప్పుకు 5 నుంచి 8 మైక్రాన్ల మందం రేకు చెక్కుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. చుట్టుకుపోబోయే రేకును సన్నని కుంచెతో పట్టి ఉంచి, గది వేడిలో ఉన్న గాజు పలకను దగ్గరికి తెస్తే రేకు దాని మీదికి దూకి అతుక్కుంటుంది. కొవ్వుతో మాత్రం పేచీ. ఈ చలికి అది సరిగా గట్టిపడదు, బ్లేడు కింద చిరిగిపోతుంది. దానికి ఇంకా చలి పెంచాలి, అప్పుడు పక్కనున్న చర్మం పెళుసై పగులుతుంది. ఆ మధ్యేమార్గం అనుభవం మీద తప్ప రాదు.

మొదటి రేకుల్లో చుట్టూ పైచర్మం గీత తెగకుండా ఉందా అని చూస్తారు. ఒకచోట లేకపోయినా ఆ మేరకు అంచు చూడనట్టే లెక్క, మళ్ళీ కోయాలి. రేకులను పలక మీద వరస తప్పకుండా పెట్టడంలోనూ ఒక తెలివి ఉంది. మొదటి రేకు కత్తి నడిచిన అసలు అంచు. ఆ తర్వాతవి ముక్క లోపలికి, అంటే కణితి వైపుకి పోతాయి. నాలుగో రేకులో క్యాన్సర్ ఉండి మొదటి రేకులో లేకపోతే దాన్ని పూర్తిగా తీసేసినట్టు. మొదటిదానిలోనే ఉంటే ఇంకా చెవిలో మిగిలినట్టు.

ఆరిన పలకలకు రంగు పట్టిస్తారు. మధ్య అమెరికాలో పెరిగే లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి వచ్చే హెమటాక్సిలిన్ కేంద్రకాలను ఊదా నీలంగా చూపిస్తుంది. ఇయోసిన్ మిగతాదాన్ని గులాబీ రంగు చేస్తుంది. అప్పుడు మైక్రోస్కోప్ ముందు కూర్చునేది ఎవరు? కోసిన సర్జనే. ఇది మోస్ పెట్టిన నియమం. కోసిన చేతికీ చూసిన కంటికీ మధ్య ఇంకో మనిషి, ఇంకో రిపోర్టు, ఇంకో అపార్థం ఉండకూడదన్నది ఆయన పట్టుదల. తక్కువ పెద్దదిగా చూపే కటకంతో ముందు చుట్టు అంచు వెంట ఒక ప్రదక్షిణం, తర్వాత మధ్యభాగం, అనుమానం వచ్చిన చోట పెద్ద కటకం.

పెద్దాయన చెవిలో ఎక్కువ భాగం శుభ్రంగా ఉంది. పైచర్మపు వరసలు పద్ధతిగా ఉన్నాయి, వెంట్రుక కుదుళ్ళు, స్వేద గ్రంథులు ఎక్కడివక్కడే. రెండో ముక్కలో, నీలి అంచుకు దగ్గర, మృదులాస్థిని కప్పి ఉండే పొర పక్కన మాత్రం నల్లబడ్డ పెద్ద కేంద్రకాలున్న కణాల గుంపు ఒకటి ఉంది. దాని నడుమ కెరటిన్ వలయాలు వలయాలుగా పేరుకుని గులాబీ రంగులో మెరుస్తోంది. స్క్వామస్ క్యాన్సర్ సంతకం అది. సర్జన్ కాగితం మీద అదే చోట ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పెద్దాయనను లోపలికి పిలిచి, మత్తు మరికాస్త ఇచ్చి, ఆ ఒక్క చోటి నుంచే ఇంకో పలచని పొర తీస్తారు. మిగతా చెవి జోలికి వెళ్ళరు. మళ్ళీ సిరా, మళ్ళీ చలి, మళ్ళీ రేకు. ఒక్కో విడతకు గంటో, అంతకన్నా ఎక్కువో. ఎర్ర గుర్తు పెట్టాల్సిన చోటు ఇక లేదన్నప్పుడే ఆగుతారు. గాయం పూడ్చడం ఆ తర్వాతి సంగతి: కొన్ని కుట్లతో మూస్తారు, కొన్నిటికి పక్కచర్మం జరుపుతారు, కొన్నిటికి వేరేచోటి చర్మం అతుకుతారు, కొన్నిటిని వాటంతట అవే మానమని వదిలేస్తారు.

చెప్పినంత తేలికగా అన్ని పలకలూ జవాబివ్వవు. ఏటవాలుగా తెగిన వెంట్రుక కుదురు అచ్చం క్యాన్సర్ గూడులా కనిపిస్తుంది. అప్పుడు దిమ్మలోకి ఇంకా లోతుగా రేకులు కోయించి, అది కుదురుగా విప్పుకుంటుందో లేదో చూడాలి. లుకేమియా ఉన్న మనిషి చర్మంలోనైతే కణితి చుట్టూ లింఫోసైట్లు దట్టంగా పోగై, వాటి నడుమ ఒంటరి క్యాన్సర్ కణం తప్పిపోతుంది. కెరటిన్ జాతి ప్రొటీన్లను మాత్రమే పట్టే ప్రత్యేక రంగు వేస్తే అది బయటపడుతుంది. క్యాన్సర్ నరం వెంట పాకిందా అన్నది ఇంకో వెతుకులాట. నరం చుట్టూ చుట్టుకున్న నాలుగు కణాలు కనిపించినా చికిత్స దారే మారిపోతుంది.

మార్పిడి జరిగినవాళ్ళలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న మరొకటి. ఏళ్ళ తరబడి ఎండ తిన్న బట్టతల మీద ఏ అంచు చూసినా పైచర్మంలో చెడబోతున్న కణాలు ఉంటూనే ఉంటాయి. వాటినన్నిటినీ కత్తితో వెంటాడితే నెత్తి మీద చర్మం మిగలదు. అక్కడ అనుభవం ఉన్న సర్జన్ లోపలికి దిగిన క్యాన్సర్‌ను చివరిదాకా తరుముతారు, పైపొరలోనే ఉన్న చెడును క్రీములకో కాంతి చికిత్సకో వదిలేస్తారు. ఎక్కడ ఆగాలో తెలియడాన్ని నేను ఈ విద్యలో పై మెట్టుగా లెక్కేస్తాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కణితి వేళ్ళు ఒకదానికొకటి తెగకుండా సాగుతాయన్న నమ్మకం మీద మోస్ పద్ధతి నిలబడింది. మధ్యలో చర్మం వదిలేసి దూరంగా మొలకెత్తిన క్యాన్సర్‌ను ఈ రేకులు చూపించలేవు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో అలాంటివి అరుదుగానైనా వస్తాయి. సమయం, ఖర్చు, తర్ఫీదు పొందిన సర్జన్, టెక్నీషియన్ అన్నీ ఒక్కచోట కుదరాలి. అయినా ఫలితం చూస్తే ఆ శ్రమ దండగ అనిపించదు. 1989లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ కార్సినోమా అయిదేళ్ళలో తిరగబెట్టడం మామూలు కోత తర్వాత నూటికి పది, మోస్ తర్వాత నూటికి ఒకటి. 2012లో అమెరికా చర్మవైద్య సంఘాలు ఈ సర్జరీ ఎవరికి తగునో పట్టికలు వేసినప్పుడు రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు విడిగా ఒక గడి కేటాయించాయి.

కత్తితోపాటు మాత్రల వైపు నుంచీ కొంత చేయవచ్చు. టాక్రోలిమస్ తరహా మందుల నుంచి సిరోలిమస్‌కు మార్చిన కిడ్నీ రోగుల్లో కొత్త స్క్వామస్ క్యాన్సర్లు తగ్గాయని 2012లో ఫ్రాన్స్ వైద్యుల బృందం చూపింది, కానీ దాని దుష్ఫలితాలు తట్టుకోలేక మానేసినవాళ్ళూ ఉన్నారు. నికోటినమైడ్ అనే విటమిన్ మామూలువాళ్ళలో పనిచేసినట్టు కనిపించినా, మార్పిడి జరిగినవాళ్ళ మీద 2023లో వెలువడిన పరీక్షలో లాభం కనిపించలేదు.

మన చర్మానికి మెలనిన్ అండ ఎక్కువ కాబట్టి తెలుగువాళ్ళలో ఈ క్యాన్సర్లు తక్కువ. తక్కువే కానీ లేకపోలేదు. ముదురు రంగు చర్మంలో ఇవి ఎండ తగలని చోట్ల కూడా వస్తాయి: పాత కాలిన మచ్చల మీద, ఏళ్ళ తరబడి మానని పుండ్లలో, అరికాళ్ళలో, గజ్జల్లో, మర్మావయవాల దగ్గర. మార్పిడి చేయించుకున్నవాళ్ళకు పులిపిర్లు మామూలే అని కొట్టిపారేసిన వాటిలోనే ఒకటి వేరే రకంగా పెరగవచ్చు. 2013లో జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం మొదలైనప్పటి నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్త కిడ్నీలతో, కాలేయాలతో, గుండెలతో బతుకుతున్నవాళ్ళు పెరిగారు. వాళ్ళలో మీరో మీ ఇంటివాళ్ళో ఉంటే ఏడాదికోసారైనా చర్మ వైద్యుడికి ఒళ్ళంతా, అరికాళ్ళతో సహా, చూపించుకోండి. నెల దాటినా మానని పుండు, పొలుసు ఊడి రక్తం చిమ్మే బుడిపె, త్వరగా పెరిగే గడ్డ కనిపిస్తే అంతకాలం ఆగకండి. ఎండలోకి వెళ్ళేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, టోపీ వేసుకోండి. క్యాన్సర్ భయంతో మార్పిడి మాత్రలను మాత్రం సొంతంగా తగ్గించకండి, ఆపకండి. మార్చాల్సి వస్తే కిడ్నీ డాక్టరూ చర్మ వైద్యుడూ మాట్లాడుకుని మారుస్తారు.